పాడేవాళ్లున్నారు, కూర్చునేవాళ్లేరీ?

శ్రోతలకు నమస్కారమండీ. మన గోదావరి జిల్లాల్లో సంగీతానికి కొదవేముంది అంటాం. వీణ అంటే ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారు. గాత్రం అంటే 1930లో శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు. ఈ పేర్లు చెప్పుకుని మీసం మెలేస్తాం గానీ, పక్కింటి డిగ్రీ కుర్రాడు మేడ మీద గిటార్ పట్టుకుంటే మాత్రం "పొద్దస్తమానూ ఆ టింగుటింగులేంట్రా, ముందు సప్లీలు రాసుకో" అనేస్తాం.

అలాంటివాళ్ల కోసమే ఈమధ్య మన టౌన్లలోనూ అక్కడక్కడా ఓపెన్ మైక్ పెడుతున్నారు. ఏదో ఒక కాఫీ షాపు, ఓ చిన్న స్టేజీ, ఒకటో రెండో మైకులు, వచ్చినవాళ్లు పేరు రాయించుకోవడం, ఒక్కొక్కరికి రెండు పాటలు, అంతే. ఆకాశవాణిలో పాడాలంటే ఆడిషన్ ఉంటుంది, బి, బి హై, ఏ, టాప్ అని గ్రేడ్లు ఉంటాయి, అది వేరే లెక్క, అది ఉండాలి కూడా. ఇక్కడ అవేవీ లేవు. ఆ మాటకొస్తే రామాలయంలో శనివారం భజన జరిగేదీ ఇలాగే, హార్మోనియం దగ్గరున్నాయన ఒక కీర్తన అవ్వగానే పక్కవాళ్లకేసి చూస్తారు, తలూపినవాళ్లు అందుకుంటారు.

మరి ఇబ్బంది ఎక్కడుందంటే, వినేవాళ్ల దగ్గర. మొదట్లో హాలు నిండుగానే ఉంటుంది. ఎవరి పిల్ల పాట అయిపోతే వాళ్ల కుటుంబం మొత్తం లేచిపోతుంది, అమ్మమ్మగారు, బాబాయి, వీడియో తీసిన తమ్ముడు, అందరూ. ఎనిమిదో పేరు పిలిచేసరికి ఖాళీ కుర్చీలు, మైకు వైర్లు చుట్టుకుంటూ సౌండ్ కుర్రాడు. ఆ ఎనిమిదోవాడు ఏం పాడతాడండీ? నన్నడిగితే పేరు రాయించుకున్నవాళ్లు చివరిదాకా కూర్చోవాలని ముందే చెప్పేయాలి, మొహమాటం పెట్టుకోకూడదు.

మొన్నొకచోట ఓ కుర్రాడు లేచాడు. టెన్షన్‌లో పల్లవి బాగా పైశ్రుతిలో ఎత్తుకున్నాడు, చరణంలోకి వచ్చేసరికి గొంతు అందలేదు, ఆగిపోయాడు. ముందు వరసలో కూర్చున్న ఓ పెద్దాయన, చూస్తే రిటైరైన మాస్టారిలా ఉన్నారు, "ఏం ఫరవాలేదు బాబూ, కాస్త కిందికి దించి ఎత్తుకో" అన్నారు. వాడు గిటార్ మెడ మీదున్న కేపో, అదే శ్రుతి పెంచే క్లిప్పు, తీసేసి మళ్లీ మొదలెట్టాడు. రెండోసారి గొప్పగా పాడేశాడని చెప్పను, పాట పూర్తి చేశాడు. ఆయన ఆ ఒక్క మాట అనకపోతే వాడు గిటార్ సంచిలో పెట్టుకుని ఇంటికెళ్లేవాడు.

పాట అయ్యాక "సూపర్ బాబూ" అనడం తేలిక. రెండో చరణంలో మాటలు మింగేశావు, మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నావు, ఆ మధ్యలో వాయించిన ముక్క బాగుంది, ఇలా ఏదో ఒకటి గుర్తుపెట్టుకుని చెబితే వాళ్లకి పనికొస్తుంది. అది కూడా పక్కకి పిలిచి, అందరి ముందూ కాదు. కరోకే ట్రాక్ పెట్టుకుని పాడేవాళ్లలో చాలామంది సినిమాలో పాడినవాళ్ల శ్రుతిలోనే అవస్థ పడుతుంటారు. ఫోన్‌లోనే ట్రాక్‌ని ఒకటో రెండో మెట్లు దించుకోవచ్చని ఎవరూ చెప్పకపోవడమే కారణం.

ఇంకో సంగతి, సొంత పాటలు. వాళ్లే రాసుకుని వాళ్లే బాణీ కట్టుకున్న పాట ఎత్తుకోగానే వెనకనుంచి "అది కాదు బాబూ, మాంచి మాస్ పాట కొట్టు!" అని కేకలు. ఆయ్, సినిమా పాట ఎక్కడైనా దొరుకుతుందండీ, ఆటోలో దొరుకుతుంది, పెళ్లిలో దొరుకుతుంది. వాళ్ల పాట ఆ రాత్రి అక్కడ తప్ప ఇంకెక్కడా దొరకదు. నాలుగు నిమిషాలు ఓపిక పట్టలేమా? కాఫీ షాపులో అయితే ఓ టీ అన్నా కొనండి, గల్లా పెట్టెలో ఏమీ పడకపోతే ఆయన మాత్రం ఎన్నాళ్లు పెడతాడు.

మీ ఊళ్లో ఇలాంటిది లేదంటారా, పెట్టడం పెద్ద పనేం కాదు. ట్యూషన్ సెంటరు హాలు ఆదివారం సాయంత్రం ఖాళీగానే ఉంటుంది. ఒక స్పీకరు, రెండు మైకులు అద్దెకి తెచ్చుకోండి. స్పీకరు పాడేవాళ్లకి ముందుగా, జనం వైపు తిప్పి పెట్టండి, వెనక పెడితే కీచుమంటుంది. పేర్లు చీటీలు తీయండి, లేకపోతే నిర్వాహకుడి మేనల్లుడే రోజూ మొదట పాడతాడు. పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం పెట్టకండి, సౌండ్ సెట్టూ దొరకదు, జనమూ దొరకరు.