టెక్సస్ పెయింట్‌బ్రష్: ముందు గడ్డి పెంచండి, తర్వాత పువ్వు

[దృశ్యం: మార్చి నెలాఖరు. ఆస్టిన్ దగ్గర హైవే పక్కన బ్లూబానెట్ల నీలం మధ్య ఎర్రటి గుత్తులు.]

వ్యాఖ్యానం: డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్‌లలో ఉండే మన తెలుగువాళ్లు వసంతంలో పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీసే పూలివే. నీలంవి బ్లూబానెట్లు. ఎర్రవి టెక్సస్ పెయింట్‌బ్రష్, ఇండియన్ పెయింట్‌బ్రష్ అనీ అంటారు, శాస్త్రీయ నామం కాస్టిలేయా ఇండివిసా. విత్తనాల ప్యాకెట్ కొని శుభ్రంగా తవ్విన మడిలో చల్లితే చాలామందికి ఇది రాదు. తప్పు విత్తనానిది కాదు, ఆ శుభ్రమైన మడిదే.

[దృశ్యం: ఒక కంకి దగ్గరగా. వేలితో ఎర్ర రేకును పక్కకు వంచాలి.]

ఎర్రగా ఉన్నది పువ్వు కాదు. మన కాగితంపూలలో లాగే రంగు తిరిగిన ఆకు. అసలు పువ్వు దాని లోపల సన్నటి గొట్టంలా, లేతాకుపచ్చ కలిసిన మీగడ రంగులో నక్కి ఉంటుంది. హమ్మింగ్‌బర్డ్ ముక్కు పెట్టేది అందులోనే.

[దృశ్యం: వేర్ల బొమ్మ. రెండు మొక్కల వేర్లు కలిసిన చోట చిన్న బుడిపె.]

పొగాకు చేలో మల్లె, జొన్నలో మల్లె (పూల మల్లె కాదు, పైరు వేర్ల మీద బతికే కలుపు) తెలిసినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. పెయింట్‌బ్రష్‌దీ అదే కుటుంబం. పక్క మొక్క వేరుకు తన వేరు అతికించి నీరూ పోషకాలూ లాగుతుంది. కాకపోతే పొగాకు మల్లెకు పచ్చదనమే ఉండదు, దీనికి పచ్చటి ఆకులున్నాయి కాబట్టి కొంత తిండి తనే వండుకుంటుంది. అందుకే సగం పరాన్నజీవి అంటారు. లూపిన్ జాతి మొక్కకు అతుక్కుంటే దానిలోని చేదు ఆల్కలాయిడ్లు కూడా దీనిలోకి వస్తాయి, పురుగులు తినడం తగ్గుతుంది. బ్లూబానెట్ కూడా లూపినే.

[దృశ్యం: ఎండ పడే పెరట్లో పలచటి గడ్డి.]

చోటు: రోజుకు ఆరు గంటలకు తగ్గని ఎండ, నీరు నిలవని ఇసుక నేల. బ్లూ గ్రామా, లిటిల్ బ్లూస్టెమ్ లాంటి స్థానిక గడ్డి పలచగా ఉంటే మంచిది. చాపలా అల్లుకున్న బెర్ముడా లాన్‌లో విత్తనం మట్టిని తాకదు, మొలక గడ్డి నీడలోనే చస్తుంది.

సమయం: సెప్టెంబర్ నుంచి నవంబర్. దసరాకూ దీపావళికీ మధ్య చల్లితే సరిపోతుంది. చలికాలమంతా నేలకు అంటుకున్న చిన్న ఆకుల చక్రంలా ఉండి, మార్చిలో కాడ లేపుతుంది. మార్చిలో విత్తితే ఆ ఏడాది పూల మీద ఆశ వదులుకోవాల్సిందే.

[దృశ్యం: అరచేతిలో విత్తనాలు, భూతద్దం కింద వల అల్లినట్టున్న పై పొర.]

విత్తనం ధూళిలా ఉంటుంది, తుమ్మితే పోయింది. నూరు చదరపు అడుగులకు పావు టీస్పూన్ చాలు. రెండు గ్లాసుల పొడి ఇసుకలో కలిపితే సమంగా పడుతుంది. గడ్డిని పొట్టిగా కోసి, రేక్‌తో మట్టి పైపైన గీరి, చల్లి, కాలితో తొక్కండి. మట్టి కప్పకండి. వాన లేకపోతే నాలుగైదు వారాలు పైమట్టి ఆరకుండా సన్నగా నీళ్లు చిలకరించండి.

ఎరువు వేయొద్దు. గడ్డి ఏపుగా లేచి దీన్ని మింగేస్తుంది. ఇంకొకటి: లాన్ కంపెనీవాళ్లు సెప్టెంబర్‌లో కొట్టే ప్రీ-ఎమర్జెంట్ మందు మొలకలన్నిటినీ చంపుతుంది, కలుపా పువ్వా అని చూడదు. ఆ భాగం వదిలేయమని ముందే చెప్పండి.

[దృశ్యం: గ్యాలన్ కుండీలో బ్లూ గ్రామా కుదురు.]

కుండీలోనా? గడ్డి నాటి, అది వేళ్లూనాక కుదురు మొదట్లోనే చిటికెడు విత్తనం చల్లండి. మొలిచాక దేన్నీ పీకి మార్చకండి. అతుకు తెగితే ఆ మొక్క వాడిపోతుంది.

ఇండియాకు పట్టుకెళ్దామనుకునేవాళ్లకు ఒక మాట: దిగుమతి అనుమతి, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు, పురుగులు లేవనే ధ్రువపత్రం) లేకుండా విత్తనాలు తీసుకెళ్లకూడదు. అందులోనూ ఇది ఆ కలుపు మల్లె చుట్టం.

[దృశ్యం: మే నెల. ఎండిన కంకిని కాగితం కవర్ మీద వంచి తడుతున్న చేయి.]

ఇది ఏడాది మొక్క. రంగు పోగానే కోసేస్తే వచ్చే ఏడాదికి విత్తనం ఉండదు. కాయలు గోధుమ రంగుకు తిరిగి, కొన పగిలి, కాడ తడితే పొడి రాలాలి. అప్పుడు మూవర్ బయటికి తీయండి, బ్లేడు నాలుగంగుళాల ఎత్తులో పెట్టి.