కంటికి ఆనని కందిరీగలు పైరును కాపాడగలవా?

వ్యాఖ్యాత: నమస్కారం. పైరును తినే పురుగును పరాన్నజీవి కందిరీగలతో అదుపు చేయడంపై నేటి చర్చ. శాస్త్రవేత్త గారూ, కందిరీగ అనగానే అందరికీ కుట్టడమే గుర్తుకొస్తుంది కదా?

కీటక శాస్త్రవేత్త: ఇవి మనుషుల జోలికి రావండి. వీటిలో ట్రైకోగ్రామా అనే కందిరీగ పొడవు సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. రెక్కల పురుగు పెట్టిన గుడ్డుపైకెక్కి, మీసాలతో తడిమి చూసి, నచ్చితే అందులోనే తన గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలి పదార్థాన్ని తింటూ పెరిగి, వెచ్చని వాతావరణంలో వారం పది రోజులకు రంధ్రం చేసుకుని కందిరీగగా బయటికి వస్తుంది కాబట్టి, ఆ గుడ్డు నుంచి లద్దె పురుగు పుట్టనే పుట్టదు.

రైతు: వినడానికి బాగానే ఉందండి. నేనూ ఈ కందిరీగ పెరుగుతున్న గుడ్లు అంటించిన అట్టలు, అదే ట్రైకోకార్డులు కట్టాను, కాండం తొలిచే పురుగు మాత్రం తగ్గలేదు.

కీటక శాస్త్రవేత్త: కట్టేనాటికి మొవ్వులు ఎండిపోతున్నాయా?

రైతు: అప్పటికే ఎండుతున్నాయి. కార్డులు చేతికందడమే ఆలస్యమైంది.

కీటక శాస్త్రవేత్త: అక్కడే దెబ్బ తగిలింది. కాండంలోకి దూరిన పురుగును ట్రైకోగ్రామా ఏమీ చేయలేదు. ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించే లింగాకర్షక బుట్టల్లో రెక్కల పురుగులు పడటం మొదలైన వెంటనే కార్డులు కట్టాలి. మీకు అందిన కార్డును భూతద్దంతో చూశారా? కందిరీగ పెరుగుతున్న గుడ్డు నల్లబడి ఉంటుంది. దానిపై సన్నని రంధ్రం కనబడితే అది ఎగిరిపోయినట్టే, మీరు కట్టింది ఉత్త అట్టముక్క.

వ్యాఖ్యాత: ప్రతి పంటకూ ఇలా మళ్లీ మళ్లీ వదలవలసిందేనా?

కీటక శాస్త్రవేత్త: అన్ని కందిరీగలకూ అలా కాదు. దక్షిణ అమెరికా నుంచి ఆఫ్రికాకు చేరిన పిండినల్లి అనే రసం పీల్చే పురుగు 1970లలో కర్రపెండలం పంటను తుడిచిపెట్టసాగింది. దాని పుట్టింటిలోనే వెతికి తెచ్చిన అనాగైరస్ లోపెజీ అనే కందిరీగను 1981లో నైజీరియాలో వదిలితే, అది అక్కడే స్థిరపడి, పలు దేశాలకు విస్తరించింది. ఆ కృషికి నాయకత్వం వహించిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. అయితే పరాయి కందిరీగను తెచ్చే ముందు, అది స్థానిక కీటకాల మీద పడదని పరీక్షించి తీరాలి.

రైతు: కార్డులు కట్టాక మందు కొట్టవచ్చా?

కీటక శాస్త్రవేత్త: చాలా పురుగుమందులు ముందుగా ఈ కందిరీగనే చంపుతాయి. కార్డును చల్లని వేళ, నీడపట్టున, ఆకు అడుగున బిగించండి. ఆ మొక్కకు చీమలు పట్టి ఉంటే పక్క మొక్కను చూసుకోండి, లేకపోతే గుడ్లను అవే తినేస్తాయి.