స్టాక్ ఏజెన్సీకి ఫొటో పంపేముందు ఎంబీ కాదు, పిక్సెళ్లు చూడండి

[తెరపై: దామలచెరువు మామిడి మండీ. తోతాపురి కాయల గుట్ట. కాయలు ఏరుతున్న రెండు చేతులు, వేళ్లకు అంటిన జీడి మరక.]

నమస్కారం అండి. ఈ ఫొటో చూడండి. వెలుతురు బాగుంది, ఫోకస్ సరిగ్గా ఆ వేళ్ల మీదే ఉంది. తీసిన కెమెరా 24 మెగాపిక్సెళ్లది. ఫైలు 4 ఎంబీ దాకా ఉంది. అయినా మన ఫొటోలను ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే స్టాక్ ఏజెన్సీలు, అంటే షటర్‌స్టాక్‌కో అడోబీ స్టాక్‌కో పంపితే సైజు చాలదని తిరిగొస్తుంది. ఎందుకో లెక్క వేద్దాం.

రెండు ఏజెన్సీలూ అడిగే కనీస సైజు 4 మెగాపిక్సెళ్లు. అంటే 40 లక్షల పిక్సెళ్లు, ఫొటోలోని చిన్న చిన్న చుక్కలు. ఎంబీతో దీనికి సంబంధం లేదు. వెడల్పును ఎత్తుతో గుణించండి, అంతే.

[తెరపై: 6000 × 4000 = 2,40,00,000. దాని మీద చిన్న క్రాప్ గడి. 2400 × 1600 = 38,40,000.]

కెమెరా ఇచ్చింది 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్లు. చేతులు దగ్గరగా కనిపించాలని క్రాప్ చేస్తూ పోతే మిగిలింది 38 లక్షల 40 వేలు. లక్షా 60 వేలు తక్కువైంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పొడుగు సగానికి కోస్తే ఫొటో సగం అయిందనుకుంటారు. కాదండీ, ఎత్తు కూడా సగం అవుతుంది కాబట్టి మిగిలేది పావు. 24 కాస్తా 6 అవుతుంది.

ఇప్పుడు క్రాప్ గడిని కొంచెం వెనక్కి లాగుదాం. 2460 × 1640. లెక్క 40,34,400. దాటింది. కానీ ఇంత అంచున ఆపొద్దు. అలమీ అనే ఇంకో స్టాక్ ఏజెన్సీ లెక్క వేరు. ఫొటోను తెరిచినప్పుడు, అంటే కంప్రెషన్ లేకుండా, 17 ఎంబీకి పైన ఉండాలంటారు. ఒక్కో పిక్సెల్‌కు 3 బైట్లు, కాబట్టి అది దాదాపు 59 లక్షల 40 వేల పిక్సెళ్లు. జేపెగ్ ఫైలు 3 ఎంబీయే కనిపించినా కంగారు పడక్కర్లేదు, వాళ్లు చూసేది తెరిచిన సైజు. 3000 × 2000 ఉంచుకుంటే ఈ మూడు చోట్లా సరిపోతుంది. మా మాట వింటే క్రాప్‌లో ఆ గీత దాటి లోపలికి వెళ్లకండి. ఇంకా దగ్గరగా కావాలంటే మండీలోనే రెండడుగులు ముందుకేసి తీయండి.

చాలని ఫొటోను సాఫ్ట్‌వేర్‌లో సాగదీస్తే కుదరదా అని అడుగుతారు.

[తెరపై: అదే వేలు, 100 శాతం జూమ్‌లో. ఎడమవైపు అసలు ఫైలు, చర్మం మీద గీతలు స్పష్టం. కుడివైపు సాగదీసింది, గీతలు మైనం పూసినట్టు కలిసిపోయాయి.]

అంకె పెరుగుతుంది, వివరం పెరగదు. రివ్యూ చేసేవాళ్లు చూసేది 100 శాతం జూమ్‌లో. ఈసారి సైజు గురించి కాకుండా క్వాలిటీ బాగాలేదని తిప్పిపంపుతారు. ఫోన్‌లో డిజిటల్ జూమ్ కూడా ఇదే పని చేస్తుంది. మధ్య ముక్క కోసి, సాగదీసి, 12 మెగాపిక్సెళ్ల ఫైలుగా మీ చేతిలో పెడుతుంది. 4000 × 3000 అని ఉంటుంది కాబట్టి మనకు అనుమానం రాదు. లెన్స్‌కు సొంతంగా ఉన్న జూమ్ దాటి వేళ్లతో లాగొద్దు.

తగ్గించడం మాత్రం కొన్నిసార్లు పనికొస్తుంది. రాత్రిపూట తిరుపతి గోవిందరాజస్వామి గుడి గోపురాన్ని వీధిలోంచి ఐఎస్ఓ 6400లో, అంటే తక్కువ వెలుతురు కోసం కెమెరా సెన్సిటివిటీ బాగా పెంచి, తీశారనుకోండి. ఆకాశమంతా రవ్వ రవ్వగా నాయిస్. 6000 × 4000ను 3600 × 2400కు దించితే ఆ రవ్వ బాగా సర్దుకుంటుంది. ఇంకా 86 లక్షల పిక్సెళ్లు మిగిలే ఉంటాయి. పగటి ఫొటోలను మాత్రం ఊరికే తగ్గించకండి. పెద్ద ప్రింటు వేసుకునే కొనుగోలుదారుకు ఆ పిక్సెళ్లే కావాలి.

[తెరపై: శేషాచలం కొండల పొడవాటి పనోరమా.]

ఇక్కడ ఇబ్బంది తలకిందులవుతుంది. ఎనిమిది, పది ఫ్రేములు కలిపితే 20000 × 6000 వచ్చింది. అంటే 120 మెగాపిక్సెళ్లు. అడోబీ స్టాక్ గరిష్ఠంగా తీసుకునేది 100. పొడుగు వైపు 18000కు దించండి, ఎత్తు 5400 అవుతుంది, మొత్తం 97.2. ఫైలు బరువు వేరే చూసుకోవాలి: అడోబీలో 45 ఎంబీ, షటర్‌స్టాక్‌లో 50 ఎంబీ దాటకూడదు. చెట్లూ ఆకులూ నిండిన కొండ కదా, సేవ్ చేసేటప్పుడు జేపెగ్ క్వాలిటీ 100లో పెడితే దాటిపోవచ్చు. 90కి దించితే ఎంబీ బాగా పడిపోతుంది, పిక్సెళ్లు ఒక్కటీ తగ్గవు.

[తెరపై: ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో ఎక్స్‌పోర్ట్ కిటికీ.]

ఫార్మాట్ జేపెగ్. కలర్ స్పేస్ ఎస్ఆర్‌జీబీ. మామూలు ఫొటోలకు క్వాలిటీ 100. ఇక ఈ రెండు గడులు చూడండి: 'రీసైజ్ టు ఫిట్', 'లిమిట్ ఫైల్ సైజ్'. ఎప్పుడో ఇన్‌స్టాగ్రామ్ కోసం 1080 పెట్టి ఉంటారు. ఆ టిక్ అలాగే ఉండిపోయి, తర్వాత తీసిన బ్యాచ్ మొత్తం చిన్న ఫైళ్లుగా బయటికొస్తుంది. ప్రతిసారీ చూడండి. రిజల్యూషన్ గడిలో 72 ఉన్నా 300 ఉన్నా ఒకటే. ప్రింటరుకు చెప్పే సూచనే అది, దానివల్ల పిక్సెళ్లు మారవు.

కెమెరా ఒకరి దగ్గర, కంప్యూటరు మరొకరి దగ్గర ఉంటే మధ్యలో వాట్సాప్ వస్తుంది. మామూలుగా పంపితే పొడుగు వైపు సాధారణంగా 1600 పిక్సెళ్లే మిగులుతాయి. 1600 × 1200 అంటే 20 లక్షలు కూడా లేవు. అలా వచ్చిన కాపీని ఇక ఏం చేసినా లాభం లేదు. డాక్యుమెంట్‌గా పంపమనండి, అసలు ఫైలు అలాగే వస్తుంది. కేబుల్ ఉంటే ఇంకా మంచిది.

[తెరపై: ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలు మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్.]

చివరగా అప్‌లోడ్ చేయబోయే ఫైలునే తెరవండి, ఎడిట్ చేసినదాన్ని కాదు. డైమెన్షన్స్ దగ్గర రెండు అంకెలు కనిపిస్తాయి, గుణించండి. మన మండీ ఫొటోకు ఇప్పుడు 3000 × 2000 ఉంది. ఒకసారి 100 శాతం జూమ్‌లో వేళ్ల మీదకు వెళ్లండి. జీడి మరక అంచు స్పష్టంగా కనిపిస్తోందా? అయితే పంపండి.