అద్దంలో మీ ముఖం ఎంత?

శ్రోతలకు నమస్కారం. ఈ ప్రసంగం అయ్యాక ఒకసారి అద్దం ముందు నిలబడండి. ఒక కన్ను మూసి, తల కదపకుండా, తడి సబ్బుముక్కతో అద్దంలో కనబడే ముఖం చుట్టూ గీత గీయండి. తర్వాత స్కేలు పెట్టి కొలవండి. మీ ముఖం నుదుటి నుంచి గడ్డం దాకా 22 సెంటీమీటర్లుంటే, గీసింది 11 ఉంటుంది. రెండడుగులు వెనక్కి జరిగి, చెయ్యి అందకపోతే మరొకరి చేత గీయించినా సగమే. మనం అద్దానికి ఎంత ముందుంటే ప్రతిబింబం అంత వెనక కనబడుతుంది. అద్దం సరిగ్గా నడిమధ్యన పడుతుంది. రెండు కళ్లూ తెరిస్తే మాత్రం గీత కుదరదు, ఒక్కో కంటికి అంచు ఒక్కోచోట కనబడుతుంది.

కళాచరిత్రకారుడు గోంబ్రిక్ 1960లో ఈ పరీక్ష గురించి రాశాడు. రోజూ చూసుకునే ముఖం అంత చిన్నదంటే చాలామంది నమ్మరు. కొలిచాక కూడా!

కళ్లెదుట కనబడేదాని కొలతే ఇలా మోసం చేస్తే, మరి గీసిన బొమ్మ దేనికైనా బొమ్మ ఎలా అవుతుంది? పోలిక వల్ల అంటాం, తడుముకోకుండా. 1968లో అమెరికన్ తత్వవేత్త నెల్సన్ గుడ్‌మన్ ఈ మాటకు అడ్డం తిరిగాడు. కవలల్లో అన్న తమ్ముడిలా ఉంటాడు, తమ్ముడూ అన్నలా ఉంటాడు. అయినా ఒకరు ఇంకొకరికి బొమ్మ కారు. పైగా గుర్రం బొమ్మ ఉన్న కాగితం గుర్రం కన్నా మరో కాగితాన్నే ఎక్కువ పోలి ఉంటుంది. కాబట్టి బొమ్మ కూడా భాషలాంటి ఒప్పందమే అన్నాడాయన. ఇక్కడ మరీ దూరం వెళ్లాడు. కొత్త మాటకు అర్థం ఎవరో ఒకరు చెప్పాలి. ఒక తరహా బొమ్మలు అలవాటైతే, అదే తరహాలో గీసిన వేరే జంతువును ఎవరూ చెప్పకుండానే గుర్తుపడతాం.

బ్రిటిష్ తత్వవేత్త రిచర్డ్ వోల్‌హైమ్ చెప్పింది నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. బొమ్మ చూసేటప్పుడు రంగు పూసిన పలకనూ, అందులోని మనిషినీ ఒకే చూపులో చూస్తాం. పలక సంగతి పూర్తిగా మరిచిపోతే అది భ్రమ. పలక ఒక్కటే కనబడితే అది ఉత్త మరక.

అయితే అందులో కనబడేది ఎవరు? 1515లో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ ఖడ్గమృగాన్ని చెక్కమీద చెక్కించి అచ్చువేశాడు. ఆ జంతువు ఇండియా నుంచి లిస్బన్ చేరింది. ఆయన దాన్ని చూడనే లేదు. అందిన వర్ణన, ఒక చిత్తుబొమ్మ ఆధారంగా గీశాడు. ఒళ్లంతా కవచం తొడిగినట్టు రేకులు, మెడ వెనక వీపు మీద లేని కొమ్మొకటి. తప్పులు అన్నున్నా అది ఖడ్గమృగమేనని ఎవరికైనా తెలుస్తుంది. కాని లిస్బన్‌లో దిగిన ఆ ఒక్క జంతువు బొమ్మే అని తేల్చేది మాత్రం పోలిక కాదు. ఆ వర్ణన, ఆ చిత్తుబొమ్మ ఎక్కడి నుంచి వచ్చాయన్నదే.