బకెట్ మూత బిగించకండి: ఇంటి ఆరోగ్యం, పరిసరాలపై ఫోన్-ఇన్ కార్యక్రమం పూర్తి పాఠం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఇంటి పట్టునే ఉంటూ మన ఆరోగ్యాన్నీ, పరిసరాలనూ ఎలా కాపాడుకోవచ్చో ఈ రోజు మాట్లాడుకుందాం. పర్యావరణ శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మేడమ్ మన స్టూడియోలో ఉన్నారు. నమస్కారం మేడమ్.

నిపుణురాలు: నమస్కారం. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట. “ఏమి కొనమంటారు?” అని అడిగేవాళ్లను నేను కొంత నిరాశపరుస్తాను. ఇంట్లో ఏమి ఉన్నాయో చెప్పండి. వాటితో ఏమి చేయవచ్చో ఆలోచిద్దాం.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్. చెప్పండి.

మొదటి శ్రోత: నమస్కారం అండి. వినిపిస్తోందా? నేను ఉద్యోగం నుంచి రిటైరై రెండేళ్లయింది. ఖాళీగా ఎందుకని వంటింటి చెత్తతో ఎరువు చేద్దామని మొదలుపెట్టాను. మా బావమరిది కూడా చేస్తున్నాడు, ఆయనకు చక్కగా వస్తోంది. ఆయనది మట్టి కుండ. నాది ప్లాస్టిక్ బకెట్. కొత్తదే కొన్నాను, ఆకుపచ్చ రంగుది. దాంతో పాటు ఒక పొడి ఇచ్చారు. రోజూ రెండు చెంచాలు చల్లుతున్నాను. అయినా వాసన భరించలేకపోతున్నామండి. మా ఇంట్లో ఆవిడ బకెట్టు ఉంటుందో నేను ఉంటానో తేల్చుకోమంటోంది.

నిపుణురాలు: ఎలాంటి వాసన? కుళ్లిన కోడిగుడ్డు వాసనా, ముక్కుపుటాలు మండే వాసనా?

మొదటి శ్రోత: మురికి కాలువ పక్కన నిలబడినట్టు ఉంటుందండి. అందుకే బయటికి రాకుండా మూత గట్టిగా బిగించాను. అది చాలక చుట్టూ టేపు కూడా అంటించాను. మా బావమరిది మాత్రం మూతే పెట్టడు, పైన ఏదో గుడ్డ కప్పుతాడు. నేను అడిగితే నవ్వుతాడు తప్ప చెప్పడు.

నిపుణురాలు: జవాబు మీ నోటితోనే చెప్పారు. చెత్తను ఎరువుగా మార్చేవి సూక్ష్మజీవులు. వాటిలో మనకు కావలసినవి గాలి పీల్చేవి. గాలి అందకపోతే అవి చచ్చి, గాలి అక్కర్లేని రకం పెరుగుతుంది. ఆ రెండో రకం వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువే మీ మురికి కాలువ వాసన. వాసన బయటికి రాకూడదని మీరు మూత బిగించారు. మూత బిగించినందువల్లే వాసన పుడుతోంది.

మొదటి శ్రోత: అయితే పొడి ఎక్కువ వేయాలా?

నిపుణురాలు: పొడి వద్దు. తొక్కల మీద, మట్టిలో ఆ సూక్ష్మజీవులు ముందే ఉంటాయి. కొనవలసిన పని లేదు. బకెట్టులో ఏమేమి వేస్తున్నారు?

మొదటి శ్రోత: కూరగాయల తొక్కలు, పళ్ల తొక్కలు, టీ పొడి, మిగిలిన అన్నం. ఒక్కోసారి గిన్నె కడిగిన నీళ్లు కూడా.

నిపుణురాలు: ఎండుటాకులు?

మొదటి శ్రోత: అవెందుకండి? అవి చెత్త కదా. మావి కిటికీ కింద కుప్పలుగా పడి ఉంటాయి, ఊడ్చి బయట పడేస్తాం.

నిపుణురాలు: (నవ్వి) అయ్యా, మీరు కొన్న పొడి కన్నా పనికొచ్చేది ఆ కుప్పే. సూక్ష్మజీవులకు నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం ఇరవై అయిదు, ముప్పై పాళ్లు కావాలి. తడి చెత్తలో నత్రజని ఎక్కువ. ఎండుటాకులు, రంపపు పొట్టు, చించిన అట్టపెట్టె, పాత వార్తాపత్రిక, వీటిలో కర్బనం ఎక్కువ. మీరు ఆ లెక్కలన్నీ గుర్తు పెట్టుకోనక్కర్లేదు. ఒక గుప్పెడు తడి చెత్త వేస్తే రెండు గుప్పిళ్ల ఎండు చెత్త వేయండి. పై పొర ఎప్పుడూ ఎండుదే ఉండాలి, ఈగలు వాలవు. బకెట్టు పక్కలకూ అడుగుకూ చిల్లులు పెట్టండి. మూడు రోజులకు ఒకసారి కర్రతో కలపండి. పిడికిట్లో తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టు. గిన్నె కడిగిన నీళ్లు పోయకండి.

మొదటి శ్రోత: సరేనండి, రాసుకున్నాను. మరి మూత?

నిపుణురాలు: చిల్లులున్న మూత, లేదా పల్చటి గుడ్డ.

మొదటి శ్రోత: అంటే రాత్రిపూట కూడా బిగించకూడదా? రాత్రి మేము పడుకునే గదికి దగ్గర.

నిపుణురాలు: సూక్ష్మజీవులకు రాత్రి పగలు ఉండవండి. బిగించకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాతి ఫోన్.

రెండో శ్రోత: మేడమ్, నిన్న స్నానాల గది కడిగాను. మరక పోలేదని టాయిలెట్ శుభ్రం చేసే ద్రవం మీద బ్లీచింగ్ ద్రవం కూడా పోశాను. ఒక్కసారిగా కళ్ల వెంట నీళ్లు, దగ్గు. ఇప్పుడు తగ్గింది. ఏదైనా ప్రమాదమా?

నిపుణురాలు: ఇప్పుడు ఊపిరి ఆడుతోందా? ఛాతీ బిగిసినట్టు ఉందా?

రెండో శ్రోత: కొంచెం గొంతు మంటగా ఉందంతే.

నిపుణురాలు: ఆయాసం వచ్చినా, దగ్గు పెరిగినా ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. ఇది అందరూ వినాలి, మళ్లీ మళ్లీ చెబుతాను. శుభ్రం చేసే ద్రవాలు రెండు కలపకండి. టాయిలెట్ ద్రవాల్లో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. బ్లీచింగ్ ద్రవంలో సోడియం హైపోక్లోరైట్ ఉంటుంది. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన వాయువు అదే. మీరు దాన్ని తలుపు మూసిన గదిలో తయారు చేశారు. వెనిగర్ కూడా ఆమ్లమే, అదీ బ్లీచింగ్‌తో కలపకూడదు. కొన్ని అద్దాలు తుడిచే ద్రవాల్లో అమ్మోనియా ఉంటుంది. అది బ్లీచింగ్‌తో కలిస్తే ఇంకో విషవాయువు.

రెండో శ్రోత: మరి మరక ఎలా పోతుంది మేడమ్?

నిపుణురాలు: ఒక్క ద్రవం పోసి, సీసా మీద రాసినంత సేపు ఆగండి. మనకు ఓపిక లేకే రెండోది పోస్తాం. కిటికీ తెరిచి ఉంచండి. ఎప్పుడైనా పొరపాటున కలిస్తే అక్కడ నిలబడి కడగకండి, వెంటనే బయటికి వచ్చేయండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాతి ఫోన్.

మూడో శ్రోత: గాలిని శుభ్రపరిచే మొక్కలని అమ్ముతున్నారు కదా. పడకగదికి ఎన్ని పెట్టాలి?

నిపుణురాలు: గాలి కోసమైతే ఒక్కటీ అక్కర్లేదు. 1989లో నాసా తరఫున బిల్ వోల్వర్టన్ అనే శాస్త్రవేత్త బృందం మొక్కలను గాలి చొరబడని పెట్టెల్లో పెట్టి పరీక్షించింది. పెట్టెలో రసాయనాలు తగ్గాయి, నిజమే. ఆ కబురు పట్టుకుని నలభై ఏళ్లకు దగ్గరగా అమ్ముతున్నారు. మీ ఇల్లు మూసిన పెట్టె కాదు కదా. 2019లో ఇద్దరు పరిశోధకులు అలాంటి పాత ప్రయోగాలన్నీ తిరగదోడి లెక్క కట్టారు. మామూలు ఇంట్లో సందుల్లోంచి, తలుపుల్లోంచి జరిగే గాలి మార్పిడికి సరితూగాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలి. అప్పుడు మంచం ఎక్కడ వేస్తారు?

మూడో శ్రోత: అయితే ఉన్న మొక్కలు తీసేయమంటారా?

నిపుణురాలు: అయ్యో, ఎందుకు? కంటికి హాయి. నీళ్లు పోయండి. గాలికి మాత్రం కిటికీ తెరవండి. ముఖ్యంగా వంట చేసేటప్పుడు. గ్యాస్ మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, వేపుడు నుంచి సన్నని పొగ వస్తుంది. గాలిని బయటికి తోసే ఫ్యాను ఉంటే పొయ్యి వెలిగించే ముందే వేయండి, పొగ నిండాక కాదు.

వ్యాఖ్యాత: ఇంకో ఫోన్... ఎవరు మాట్లాడుతున్నారు?

నాలుగో శ్రోత: నేను ఆరో తరగతి చదువుతున్నానండి. మా వంటింటి కొళాయి కారుతోంది. సెకనుకు ఒక చుక్క పడుతోంది. గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను. అమ్మ ఒక్క చుక్కే కదా అంటోంది.

నిపుణురాలు: భలే పని చేశావమ్మా! రోజుకు ఎన్ని సెకన్లు?

నాలుగో శ్రోత: ఎనభై ఆరు వేల నాలుగు వందలు.

నిపుణురాలు: టక్కున చెప్పావే! సుమారుగా నాలుగు చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకో. భాగించు.

నాలుగో శ్రోత: ఇరవై ఒక్క వేల ఆరు వందల మిల్లీలీటర్లు. అంటే... ఇరవై ఒక్క లీటర్లు దాటుతాయి!

నిపుణురాలు: ఒక పెద్ద బకెట్టు. రోజూ. ఆ మాట అమ్మకు బకెట్టు చూపించి చెప్పు. చాలా కొళాయిల లోపల రబ్బరు వాషర్ అరిగిపోవడమే కారణం, చిన్న వస్తువు. ఇంకో ప్రయోగం చెప్పనా? టాయిలెట్ వెనక నీళ్ల తొట్టిలో తినే రంగు నాలుగు చుక్కలు వేసి అరగంట ఎవరినీ నీళ్లు వదలవద్దను. కింద గిన్నెలోకి రంగు దిగితే అక్కడా కారుతున్నట్టే. అది చప్పుడు చేయదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

నాలుగో శ్రోత: ఇప్పుడే వేస్తాను!

నిపుణురాలు: అమ్మను అడిగి వెయ్యి.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్... లైను కట్ అయినట్టుంది. ఈలోగా నాదొక ప్రశ్న మేడమ్. ఫోను చార్జరు ప్లగ్గులో వదిలేస్తే కరెంటు చాలా పోతుందంటారు?

నిపుణురాలు: పోయేది చాలా తక్కువ. తీయండి, మంచిదే. అయితే చార్జరు తీసి పుణ్యం మూటగట్టుకున్నామని నీళ్లు కాచే హీటరును గంటసేపు వదిలేస్తారు, అక్కడ నాకు కోపం. ఇంట్లో కరెంటును మింగేవి వేడి చేసేవి, చల్లబరిచేవి. బట్టలు ఉతికే యంత్రంలో కూడా వేడి నీళ్లు పెడితే ఎక్కువ కరెంటు ఆ వేడికే పోతుంది. మామూలు మురికికి చల్లనీళ్లు చాలు. పాత అరవై వాట్ల బల్బు ఇంకా మిగిలి ఉంటే దాని వెలుగుకు తొమ్మిది వాట్ల ఎల్ఈడీ సరిపోతుంది. అదొక్కటి కొనుక్కోండి, నేనేమీ అనను.

వ్యాఖ్యాత: ఫోన్ వచ్చింది. చెప్పండి.

అయిదో శ్రోత: మేడమ్, ఇంట్లో ప్లాస్టిక్ మొత్తం పారేసి గాజువి, స్టీలువి, పది నూలు సంచులు కొందామనుకుంటున్నాను. ఏ రకం మంచిది?

నిపుణురాలు: చూశారా, కొనడం దగ్గరికే వచ్చాం. ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు పారేస్తే అవి ఎక్కడికి పోతాయి? చెత్తకుప్పకే. వేడి పదార్థాలు వాటిలో పోయకండి, వాటిలో వేడి చేయకండి. మేకులూ బొత్తాలూ దారాలూ పోసుకోండి. నూలు సంచి సంగతి: 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ ఒక లెక్క ప్రచురించింది. వాతావరణం మీద ప్రభావం ఒక్కటే చూసినా మామూలు నూలు సంచిని కనీసం 52 సార్లు వాడితే గాని పల్చటి ప్లాస్టిక్ సంచితో సమానం కాదు. నీళ్లు, ఇతర ప్రభావాలు అన్నీ కలిపితే 7,100 సార్లు. సంచులు కాలువల్లో, సముద్రంలో చేరి చేసే హాని ఆ లెక్కలో లేదు. అందుకని ప్లాస్టిక్ మంచిదని అర్థం చేసుకోకండి. పది సంచులు వద్దు, ఉన్న ఒక్కటి చిరిగేదాకా వాడండి అంటున్నాను.

అయిదో శ్రోత: మరి ఆన్‌లైన్‌లో వెదురు బ్రష్షులు...

వ్యాఖ్యాత: క్షమించండి, సమయం తక్కువ ఉంది. ఇంకో ఫోన్.

ఆరో శ్రోత: ఫ్రిజ్ ఎంత చల్లగా ఉండాలండి?

నిపుణురాలు: కింద నాలుగు డిగ్రీలు, గడ్డకట్టే అరలో మైనస్ పద్దెనిమిది. అంతకన్నా చల్లగా పెడితే కరెంటు దండగ, వెచ్చగా ఉంటే ఆహారం పాడు. ఫ్రిజ్‌ను వెనక గోడకు ఆనించకండి.

వ్యాఖ్యాత: చివరి ఫోన్. చెప్పండి.

మొదటి శ్రోత: నమస్కారం అండి, నేనే, ఇందాక బకెట్టు గురించి అడిగాను. ఒక చిన్న సంగతి చెప్పడం మరిచాను.

నిపుణురాలు: చెప్పండి.

మొదటి శ్రోత: అందులో తెల్లటి పురుగులు కనిపించాయి. పోయిన వారం. అందుకని కొంచెం ఫినాయిల్ పోశాను.

నిపుణురాలు: కొంచెం అంటే?

మొదటి శ్రోత: అర సీసా.

నిపుణురాలు: (కాసేపు ఆగి) అయ్యా... క్రిములను చంపడానికే ఫినాయిల్ తయారు చేస్తారు. మీకు కావలసిన సూక్ష్మజీవులన్నీ పోయి ఉంటాయి. ఆ పురుగులు ఈగల పిల్లలు, చెత్తను తినేవే, మీకు హాని చేయవు. తడి ఎక్కువైందని చెప్పడానికి వచ్చాయి. ఎండుటాకులు వేస్తే తగ్గేవి. ఇప్పుడు ఆ చెత్తను మొక్కలకు వేయవద్దు, తినే మొక్కలకు అసలే వద్దు. మామూలు చెత్తలో వేసేసి, బకెట్టు కడిగి, మొదటి నుంచి మొదలుపెట్టండి.

మొదటి శ్రోత: కడగడానికి ఇంట్లో ఆ టాయిలెట్ ద్రవం ఉంది, బ్లీచింగ్ కూడా ఉంది. ముందు ఏది...

నిపుణురాలు: కలపకండి! ఇందాక విన్నారు కదా? సబ్బు, నీళ్లు. అంతే. ఎండలో ఆరబెట్టండి.

మొదటి శ్రోత: సబ్బు, నీళ్లు. రాసుకున్నాను. చిల్లులు కూడా ఈ రోజే పెడతాను. మా బావమరిదికి చెప్పనులెండి. ఎన్నాళ్లకు ఎరువు అవుతుంది?

నిపుణురాలు: మూడు నెలలు పట్టవచ్చు, చల్లటి రోజుల్లో ఇంకా ఎక్కువ. నల్లగా, పొడిపొడిగా, వాన పడిన మట్టి వాసన వస్తే అయినట్టు. ఓపిక పట్టండి, మీకు వస్తుంది.

మొదటి శ్రోత: చాలా సంతోషమండి. మరి ఒక్కటే... చుట్టాలు వచ్చిన రోజు మాత్రం, ఆ ఒక్క పూటకు మూత బిగించవచ్చా?

వ్యాఖ్యాత: సమయం అయిపోయిందండి. మేడమ్‌కు, ఫోన్ చేసిన శ్రోతలందరికీ ధన్యవాదాలు.

నిపుణురాలు: బిగించకండి!