వేరు చేసి చూడటం: స్థితిశాస్త్రంలో తొలి అడుగు

విద్యార్థి మిత్రులకు నమస్కారం.

హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో నిలబడి తలెత్తి చూస్తే, స్తంభాల మీద ఆనిన రాతి దూలాలు కనిపిస్తాయి. ఒక దూలం కదలడం లేదంటే దాని మీద బలాలే లేవని కాదు. ఉన్న బలాలన్నీ కలిసి దాన్ని ఎటూ జరపలేకుండా, ఎటూ తిప్పలేకుండా ఉన్నాయని అర్థం. ఈ సమతాస్థితిని లెక్కగట్టేదే స్థితిశాస్త్రం.

ఇందులో విద్యార్థులు తడబడేది లెక్కలో కాదు, బొమ్మలో. ఏళ్ల తరబడి జవాబు పత్రాలు దిద్దిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను. ఫ్రీ బాడీ డయాగ్రామ్ గీయడమంటే, మనకు కావలసిన వస్తువును చుట్టూ ఉన్నవాటి నుంచి ఊహలో విడదీసి, తీసేసిన ప్రతిదాని చోట అది ఈ వస్తువు మీద చూపిన బలాన్ని బాణం గుర్తుగా పెట్టడం. స్తంభాన్ని తీసేస్తే అక్కడ పైకి ఒక బాణం వస్తుంది. దూలం స్తంభాన్ని కిందికి నొక్కే బలం మాత్రం ఈ బొమ్మలో ఉండకూడదు, అది స్తంభం బొమ్మకు చెందినది. న్యూటన్ మూడో నియమంలోని చర్య, ప్రతిచర్య రెండు వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయి. రెంటినీ ఒకే బొమ్మలో గీసి కొట్టివేస్తే అసలు సమస్యే కనిపించకుండా పోతుంది.

ఉదాహరణకు ఒక దూలం బరువు 1300 కిలోలు, దాని రెండు కొసల వద్ద ఉన్న ఆధారాల మధ్య దూరం 3 మీటర్లు అనుకుందాం. ఎడమ ఆధారానికి 1 మీటరు దూరంలో 300 కిలోల శిల్పం పెట్టారు. ఎడమ ఆధారం చుట్టూ భ్రామకాలు, అంటే బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చే తిప్పే ప్రభావాలు, తీసుకుంటే, దూలం బరువు మధ్యలో, అంటే 1.5 మీటర్ల వద్ద పనిచేస్తుంది కనుక 1950, శిల్పం వల్ల 300, మొత్తం 2250 వస్తుంది. కుడి స్తంభం 3 మీటర్ల దూరం నుంచి పైకి తోస్తూ దీన్ని సరితూచాలి కనుక, 3తో భాగిస్తే అది మోసేది 750 కిలోలు, మిగిలిన 850 కిలోలు ఎడమ స్తంభానివి. న్యూటన్లలో కావాలంటే 9.81తో గుణించాలి. భ్రామక కేంద్రాన్ని ఎడమ ఆధారం వద్దే ఎందుకు ఎంచుకున్నామో గమనించండి: అక్కడి తెలియని బలానికి దూరం సున్నా కాబట్టి అది సమీకరణం నుంచి తప్పుకుంటుంది.

దూలం మీది బలాలన్నీ నిట్టనిలువుగా ఉన్నాయి కనుక పని తేలికైంది. ఏటవాలు బలాల సంగతి తెలియాలంటే మన ఊళ్లలో మోకు కట్టుకుని తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ణి చూడాలి. నా దృష్టిలో ఇంతకన్నా మంచి పాఠం లేదు. ఆయన శరీరాన్ని విడదీస్తే మూడే బలాలు: నేరుగా కిందికి దిగే బరువు, నడుము నుంచి చెట్టువైపు ఏటవాలుగా పైకి లాగే మోకు, పాదాల వద్ద చెట్టు ఇచ్చే ప్రతిచర్య. సమాంతరం కాని మూడు బలాలు ఒక వస్తువును నిలిపి ఉంచాలంటే వాటి రేఖలు ఒకే బిందువులో కలవాలి, వాటి బాణాలను ఒకదాని కొస నుంచి మరొకటి వరుసగా గీస్తే త్రిభుజం మూసుకోవాలి. ఈ త్రిభుజ భావన 1586లో ఫ్లెమిష్ గణితజ్ఞుడు సైమన్ స్టెవిన్ రచనలో కనిపిస్తుంది.

బరువు, మోకు రేఖలు రెండూ నడుము దగ్గర కలుస్తాయి కాబట్టి, పాదాల ప్రతిచర్య కూడా సుమారుగా అటువైపే సాగాలి. ఆయన వెనక్కి వాలినప్పుడు ఆ ప్రతిచర్యలో చెట్టుకు లంబంగా ఉండే భాగం పెరుగుతుంది, దానితోపాటే పాదానికి దొరికే గరిష్ఠ ఘర్షణ కూడా పెరుగుతుంది. చెట్టుకు దగ్గరగా నిటారుగా నిలబడితే ప్రతిచర్య దాదాపు కాండం వెంబడే ఉండాల్సి వస్తుంది. ఘర్షణ అంత మోయలేకపోతే పాదం జారుతుంది. అందుకే గెల దగ్గర రెండు చేతులతో గీస్తున్నంతసేపూ ఆయన మోకు బిగువుగా ఉండేలా వెనక్కి వాలే ఉంటాడు.