ఆగిపోయిన మీటరే అసలు మోసం!

మొన్న నా పాత బెంజి 240డి కారు మీటరు విప్పి బాగుచేశానని "కిలోమీటర్లు కొట్టేసే దొంగ" అన్నారు కదా! సరే, ఈసారి ఇంకా గట్టిగా చెబుతున్నా. ఆగిపోయిన ఓడోమీటరే, అదే బండి మొత్తం ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపే అంకెలే, పచ్చి అబద్ధం! దాన్ని బాగుచేసేవాడు కాదు, అలాగే ఉంచి బండి అమ్మేవాడే మోసగాడు!

1976లో వచ్చిన డబ్ల్యూ 123 మోడల్ అండీ ఇది. ఇంజను మొండిది, దానికి చావులేదు. మీటరు లోపల మాత్రం వేలిగోరంత పళ్ళచక్రం ఒకటుంది, ఆ అంకెల్ని తిప్పే ఉక్కు కడ్డీకి బిగించి ఉంటుంది. ఏళ్ళు గడిచేసరికి పట్టు వదిలేస్తుంది. చక్రం తిరుగుతుంది, కడ్డీ తిరగదు. స్పీడు ముల్లును తిప్పేది అయస్కాంతం కాబట్టి అది మాత్రం దర్జాగా 80 చూపిస్తుంటుంది. అంకె కదలట్లేదని ఎవరు చూస్తారు చెప్పండి?

నా నమ్మకం వినండి. "సింగిల్ ఓనర్, లక్ష కూడా తిరగలేదు" అని అమ్మకానికొచ్చే ఈ బళ్ళలో చాలావాటి రహస్యం ఆ జారిన చక్రమే! నేను కొన్నప్పుడు రీడింగు 91,204. బ్రేకు పెడల్ రబ్బరు చూస్తే గీతలన్నీ పోయి సబ్బుబిళ్ళలా నున్నగా ఉంది. డ్రైవరు సీటు ఓ పక్కకి కుంగిపోయింది. 91 వేలకే అలా అవుతుందా? మీరే చెప్పండి!

విప్పడం దగ్గర జాగ్రత్త. మీటర్ల దిమ్మకి స్క్రూలుండవు, చుట్టూ రబ్బరు పట్టే. రెండు తీగ కొక్కేలు పక్కలనుంచి దూర్చి మెల్లగా లాగాలి. మెల్లగా అంటున్నా! వెనక ఆయిల్ ప్రెషర్ గేజీకి సన్నటి గొట్టంలో ఇంజనాయిలే వస్తుంది. అది విరిగిందా, ఆయిలంతా మీ కాళ్ళ మీదే. మీటరుని తిప్పే కేబుల్ విప్పి, కడ్డీ బయటికి తీసి, చక్రం కూర్చునే చోట కటింగ్ ప్లయరుతో నాలుగు గాట్లు పెట్టా. చక్రాన్ని మళ్ళీ నొక్కితే బిర్రుగా కూర్చుంది. ఇంకోటి, బండి నడుస్తుండగా ట్రిప్ బటన్ (ఒక్కో ప్రయాణం లెక్కని సున్నా చేసేది) నొక్కకండి, ఆ బరువంతా ఈ చక్రం మీదే పడుతుంది.

అంకెలు నేను ముట్టుకోలేదు. 91,204 నుంచే మొదలు. మీటరు ఎప్పుడు ఆగిందో తెలీదని, ఫలానా తేదీన బాగుచేశామని కాగితం మీద రాసి గ్లవ్ బాక్సులో పెట్టా. రేపు కొనేవాడు చదువుకుంటాడు.

తర్వాత విజయవాడ హైవే ఎక్కాం. మా ఆవిడ కిలోమీటరు రాళ్ళు లెక్కపెడుతోంది, నా కళ్ళు రోడ్డు మీదే. పదో రాయి దగ్గర చివరి అంకె సగం పైకి లేచి, మెల్లగా కూర్చుంది. "91,214 అండీ!" అని అరిచింది.